వాన పడితే వణికిపోతున్నాడు... గుర్తు చేయకుంటే మర్చిపోతాడా?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మా ఇల్లు మునిగింది. వాళ్ల నాన్న వాణ్ని భుజాల మీద ఎక్కించుకుని పక్కింటి డాబా మీదికి చేర్చారు. నీళ్లలో కనపడని రేకు కోసుకుని ఆయన కాలికి పెద్ద గాయమైంది. మూడు రోజులు ఆ డాబా మీదే ఉన్నాం. అప్పటి నుంచి మబ్బు పడితే చాలు, చెవులు మూసుకుంటాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. బకెట్లో బొమ్మల్ని ముంచడం ఒకటే ఆట. గాయం మానిపోయినా రోజూ పడుకునే ముందు ‘నాన్నా, కాలు నొప్పిగా ఉందా?’ అని అడుగుతాడు. చదువు మీద ధ్యాస లేదని టీచర్లు అంటున్నారు. దడుచుకున్నాడని తాయెత్తు కట్టించాం. గుర్తు చేయకుంటే వాడే మర్చిపోతాడని పెద్దవాళ్ల మాట. మందులు వాడాలా? ఆ బకెట్ ఆట మాన్పించాలా?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: తాయెత్తు కట్టించినందుకు మిమ్మల్ని తప్పుపట్టనమ్మా. పిల్లాడు దడుచుకున్నాడన్నది నిజమే కదా. నాకు పేచీ అల్లా ‘గుర్తు చేయొద్దు’ అన్న సలహాతోనే. మీ బాబు ఏదీ మర్చిపోలేదు. రోజూ ఆ బకెట్లో గుర్తు చేసుకుంటూనే ఉన్నాడు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తకపోతే, అది పెద్దవాళ్లు కూడా నోరు విప్పలేనంత భయంకరమైన సంగతి అనుకుంటాడు.

వరద లాంటిది చూశాక కొన్ని వారాలు ఉలిక్కిపడటం, అమ్మ కొంగు వదలకపోవడం మామూలే. చాలామంది పిల్లలు వాళ్లంతట వాళ్లే తేరుకుంటారు. నెల దాటినా పీడకలలు, ఒకే ఆట మళ్లీ మళ్లీ ఆడటం, గుర్తొచ్చే వాటికి దూరంగా పారిపోవడం, చిన్న చప్పుడుకే అదిరిపడటం తగ్గకుండా, చదువుకు, నిద్రకు అడ్డొస్తుంటే పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత మనసును వదలని జబ్బు) ఉందేమో చూడాలి. మీ ఉత్తరంలో ఆ ఛాయలు ఉన్నాయి. అలాగని ఉత్తరం చదివి జబ్బు పేరు ఖాయం చేయడం సరికాదు.

మానసిక వైద్యుల పరీక్షలో ముందు మీతో మాట్లాడతారు, తర్వాత బాబుతో విడిగా. ఈ విడిగా మాట్లాడటం చాలా ముఖ్యం. అమ్మానాన్నలు బాధపడతారని పిల్లలు వాళ్ల ముందు సగం దాచేస్తారు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లల కోసం క్రైస్-8 అని ఎనిమిది ప్రశ్నల చిన్న పత్రం ఉంది. 40కి 17 లేదా ఆపైన వస్తే లోతుగా చూడమని అర్థం, అంతే. వరద ఒక్కటే కాకుండా బడిలో దెబ్బలు, ఎవరైనా వేధించడం లాంటివి కూడా అడుగుతారు, నొచ్చుకోకండి. పక్క తడపడాన్ని మొత్తం భయం ఖాతాలో వేసేయొద్దు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, షుగర్, మలబద్ధకం ఉన్నాయేమో పిల్లల డాక్టరుకు చూపించండి. ధ్యాస లేకపోవడం చూసి ఏడీహెచ్‌డీ (ధ్యాస, నిలకడ కుదరని సమస్య) అని పొరబడటం కూడా మామూలే.

చికిత్సలో మొదటి స్థానం మాత్రలది కాదు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలైతే పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్లో పీటీఎస్‌డీకి మందులు వద్దనే చెబుతున్నాయి. ట్రామా, అంటే ఇలాంటి అనుభవం మనసుకు చేసిన గాయం కోసమే రూపొందించిన సీబీటీ ఉంది. ఆలోచనల్నీ ప్రవర్తననూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స అది. మామూలుగా వారానికోసారి, 12 నుంచి 16 సార్లు కూర్చుంటారు. మీకూ అందులో పని ఉంటుంది. ముందు శరీరాన్ని నెమ్మదింపజేసే ఊపిరి పద్ధతులు, భయానికి, కోపానికి, సిగ్గుకు పేర్లు పెట్టడం నేర్పుతారు. అవి చేతికొచ్చాకే ఆ రోజు కథ. బొమ్మలు గీసో, రాసో, కొంచెం కొంచెంగా చెప్పిస్తారు. మొదటి రోజే ‘ఏం జరిగింది, చెప్పు’ అని గుచ్చి అడిగేవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లకండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ కాలు నొప్పి ప్రశ్న. బహుశా మీ బాబు ‘నన్ను మోసినందుకే నాన్నకు దెబ్బ తగిలింది’ అని లోపల నమ్ముతున్నాడేమో. ఈ వయసు పిల్లలు తప్పు తమ మీద వేసుకోవడంలో ఘనులు. ‘నీ తప్పేం లేదులే’ అని ఒక్కమాటతో తేల్చేస్తే ఆ నమ్మకం కదలదు. సీబీటీలో వాణ్నే ఆలోచింపజేస్తారు: ఆ రేకు అక్కడ ఎవరు పెట్టారు? ఆ లోతులో అప్పటికి ఏడేళ్ల పిల్లాడు నడవగలడా? నాన్నను అడిగితే ఏమంటారు? జవాబు వాడి నోటి నుంచే రావాలి. ఆ తర్వాత నాన్నను పక్కన కూర్చోబెట్టి ఆ కథ చెప్పిస్తారు.

వాన భయానికి మెట్లు కడతారు. ఫోన్లో వాన చప్పుడు వినడం, తుంపరలో వరండాలో నిలబడటం, ఆ తర్వాత గొడుగుతో వీధి చివరి దాకా. ఒక మెట్టు మీద గుండె దడ తగ్గాకే పై మెట్టు. ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. మీ పేటలో నీళ్లంటే భయం ఉత్త భ్రమ కాదు. అందుకే ‘ఇక ఎప్పటికీ రావు’ అని అబద్ధం చెప్పకండి. వస్తే ఎవరి డాబా ఎక్కుతాం, సంచిలో ఏం సర్దుకుంటాం అన్నది బాబుతో కలిసి కాగితం మీద రాయండి. తుంపరకూ వరదకూ తేడా తెలిస్తే చాలు.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఏ వేళైనా తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. అక్కడ ‘పిల్లలకు ట్రామా సీబీటీ చేసినవాళ్లు ఉన్నారా?’ అని మొహమాటపడకుండా అడగండి. చచ్చిపోతానని అన్నా, తనను తాను గాయపరచుకున్నా, తిండి మానేసినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు తీసుకెళ్లండి.

ఇక బకెట్ ఆట. మాన్పించకండి. పక్కన కూర్చుని కాసేపు చూడండి. తర్వాత ఒక కాగితం పడవ చేసి ఇచ్చి, ‘దీంట్లో ఎవరిని ఎక్కిద్దాం?’ అని అడగండి. వాడు ఏ బొమ్మను ముందు ఎక్కించాడో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి.