ఐవీఎఫ్ కవలలకు స్కాన్‌లో ‘ఒకే ప్లాసెంటా’ అని రాస్తే

రెండు పిండాలు పెట్టించుకున్నాం, 20 వారాల స్కాన్‌లో మాత్రం ‘ఒకే ప్లాసెంటా (మాయ)’ అని వచ్చింది, భయపడాలా అని ఒకరు అడిగారు. ఆ ఒక్క మాటతో ఏదీ తేలదు. రెండు మాయలు పక్కపక్కనే అతుక్కుంటే పెరిగేకొద్దీ అంచులు కలిసిపోయి ఒక్కటిలాగే కనిపిస్తాయి. తేలాల్సింది పిల్లలిద్దరి రక్తనాళాలు కలిశాయా లేదా అన్నది.

ముందు 11–14 వారాల మధ్య తీసిన ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీటి మందం కొలిచేది) రిపోర్టు బయటికి తీయండి. రెండు సంచుల మధ్య పొర మాయను తాకే చోట మందంగా, ముక్కోణంలా ఉంటే లాంబ్డా గుర్తు అని రాస్తారు. అది డీసీడీఏ, అంటే ఎవరి మాయ వారిది, ఎవరి సంచి వారిది. పల్చటి పొర ‘టీ’ అక్షరంలా తగిలితే ఎంసీడీఏ, అంటే సంచులు రెండున్నా మాయ నిజంగానే ఒకటి. నెలలు పెరిగాక లాంబ్డా చెరిగిపోవచ్చు, కాబట్టి ఇప్పుడు కనబడలేదంటే లేదని కాదు. పెట్టింది రెండు పిండాలు గనుక మాయలూ రెండే అనుకోవద్దు. ఒకటి నిలవక, నిలిచింది రెండుగా చీలి ఉండొచ్చు. బ్లాస్టోసిస్ట్ (ఐదో రోజు పిండం) ఒక్కటే పెట్టినా కవలలు రావడం అలాగే. (ఒకరు ఆడ, ఒకరు మగ అయితే మాయలు రెండని దాదాపు తేలిపోయినట్టే గానీ, మన దేశంలో ఆడా మగా చెప్పకూడదు.)

ఎంసీడీఏ అయితే 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్ తప్పనిసరి. ఉమ్మనీటి గుంట లోతు ఒకరికి 2 సెం.మీ. లోపు, మరొకరికి 8 సెం.మీ. పైన ఉంటే ఒకరి రక్తం రెండోవారికి పోతోందని అనుమానించి వెంటనే ఫీటల్ మెడిసిన్ (కడుపులోని బిడ్డల వైద్యం) డాక్టరుకు చూపించాలి. పొట్ట నాలుగైదు రోజుల్లోనే బిగిసి పెరిగినా, ఆయాసం వచ్చినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.

మాయ ఒకటైనా రెండైనా బొడ్డుతాడు సంగతి అడగండి, రిపోర్టుల్లో తరచూ జారిపోయేది అదే. ఐవీఎఫ్‌లోనూ కవలల్లోనూ తాడు మాయ నడుమ కాక పొరల్లో అతుక్కోవడం ఎక్కువ. అక్కడ నాళాల చుట్టూ వాటిని కాపాడే జిగురు ఉండదు. అవి గర్భసంచి మూతి మీదుగా పోతుంటే దాన్ని వాసా ప్రీవియా అంటారు, ఉమ్మనీరు పగిలినప్పుడు తెగితే కారేది బిడ్డ రక్తమే. ఇద్దరికీ ‘కార్డ్ ఇన్సర్షన్’ (తాడు అతుక్కున్న చోటు) రాయకపోతే రక్తప్రవాహాన్ని చూపే కలర్ డాప్లర్‌తో చూడమనండి, అనుమానముంటే టీవీఎస్ (యోని ద్వారా చేసే స్కాన్) కూడా.

అప్పటికీ తేలకపోతే కాన్పు తర్వాత మాయను ల్యాబ్‌కు పంపొచ్చు. మొదటి బిడ్డ తాడుకు ఒక క్లిప్పు, రెండో బిడ్డకు రెండు వేయమని ముందే చెప్పిపెట్టండి. నాళాల్లోకి రంగు ఎక్కించి చూడాలంటే మాత్రం ఫార్మలిన్‌లో (కుళ్లకుండా ఉంచే ద్రవం) వేయక ముందే పంపాలి.