నగలు తాకట్టు పెట్టి బాబును నాసాకు పంపనా?

ప్రశ్న: మా బాబు తొమ్మిదో తరగతి. దసరా సెలవుల్లో పది రోజులు అమెరికా తీసుకెళ్లి నాసా చూపిస్తామని, మావాడు సెలెక్ట్ అయ్యాడని స్కూలువాళ్లు చెప్పారు. మూడున్నర లక్షలు కట్టాలి. మావారిది చిన్న బట్టల కొట్టు. ‘కుదరదు’ అని ఒక్క మాటలో తేల్చేశారు. అప్పటినుంచి వాడు సరిగా తినడు, నాన్నతో మాట్లాడడు. పుట్టింటివాళ్లు పెట్టిన గొలుసు, గాజులు తాకట్టు పెట్టి ఆయనకు తెలియకుండా కట్టేద్దామనుకుంటున్నాను. పెద్దమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. – ఓ తల్లి, ఖమ్మం

జవాబు: ఆ గొలుసు బీరువాలోంచి తీయకండి. మీవారికి తెలియకుండా ఈ పని అసలు జరగదు. మైనర్‌కు పాస్‌పోర్టు తీయాలంటే మామూలుగా తల్లిదండ్రులిద్దరి సంతకాలూ కావాలి. ఆ కాగితం ఆయన చేతికి వచ్చిన రోజు ట్రిప్పు సంగతి వెనక్కిపోయి, మీ మీద నమ్మకం దగ్గర గొడవ మొదలవుతుంది. నాన్న కాదన్నా అమ్మను పట్టుకుంటే పనవుతుందని మీవాడికీ అలవాటవుతుంది.

అలాగని మీవారు చేసింది సబబని అనను. పద్నాలుగేళ్ల పిల్లాడికి కారణం చెప్పకుండా ‘కుదరదు’ అంటే, తనంటే లెక్కలేదనే అనుకుంటాడు. కొట్టు కట్టేశాక ఓ రాత్రి అమ్మాయితో సహా నలుగురూ కూర్చోండి. ఖాతా పుస్తకం ఆయనే తెరిచి చూపించాలి. పండగ సరుకు బాకీ ఎంత, అక్క ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కోచింగ్‌కు, ఇంజినీరింగ్ ఫీజుకు ఎంత పక్కన పెట్టాలి, చివరికి చేతిలో మిగిలేదెంత? మీరు మాత్రం మధ్యలో సర్దిచెప్పబోకండి. వాడికి కోపం వస్తే రానివ్వండి.

ఇక ‘సెలెక్ట్’ అన్న మాట. ఇలాంటి ట్రిప్పుల్లో చాలావరకు డబ్బు కట్టగలిగినవాళ్లే సెలెక్ట్ అవుతారు. ఫ్లోరిడాలో నాసావాళ్ల కెన్నెడీ స్పేస్ సెంటర్ సందర్శకుల కేంద్రానికి టికెట్ కొన్నవాళ్లెవరైనా వెళ్లొచ్చు. అట్లాంటిస్ షటిల్, సాటర్న్-5 రాకెట్ చూడదగ్గవే. ఇంకో పదేళ్ల తర్వాత వెళ్లినా చూడొచ్చు.

వాడికి నిజంగా రాకెట్ల పిచ్చే ఉంటే స్కూలు పిల్లలకు అంతరిక్ష విజ్ఞానం నేర్పే ఇస్రో శిక్షణ కార్యక్రమం ‘యువికా’ గురించి చెప్పండి. 2019లో మొదలైంది. తొమ్మిదో తరగతి పిల్లలకే. ప్రయాణం, బస ఖర్చులు ఇస్రోయే పెట్టుకుంటుంది. దరఖాస్తులు మామూలుగా వేసవికి ముందు తీసుకుంటారు. పోటీ గట్టిదే, వస్తుందని ఆశపెట్టకండి. శ్రీహరికోటలో ప్రయోగం చూసే గ్యాలరీకైతే ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఆ ప్రయాణానికి వాణ్ని వాళ్ల నాన్నే తీసుకెళ్తే మంచిది. స్నేహితులంతా వెళ్తున్నారన్నదే బాధైతే, క్లాసులో ఎంతమంది వెళ్తున్నారో అడిగి చూడండి. చాలాసార్లు ఆ ‘అంతా’ నలుగురైదుగురే.

తిండి సంగతికొస్తే, పళ్లెంలో వడ్డించి ఒకసారి పిలవండి చాలు. బతిమాలకండి.

లెక్కలు చూశాక మీరిద్దరూ సరేననుకుంటే, ముందు స్కూలును రాతపూర్వకంగా అడగండి: వీసా రాకపోతే ఎంత తిరిగిస్తారు, బీమా ఉందా, ఎంతమంది పిల్లలకు ఒక టీచరు వెళ్తున్నారు? వీసా ఫీజు ఎలాగూ వెనక్కి రాదు. వీటికి నోటిమాటగా జవాబిస్తే అడ్వాన్సు కట్టొద్దు.