బండి హీటెక్కుతోంది, బ్యాటరీ దిగుతోంది: రేడియేటర్, డైనమో మార్చేముందు ఇవి చూడండి

మీ బండి పాత డీజిల్ పికప్, చెన్నైలో మాధవరం నుంచి కోయంబేడుకు లోడు. సిగ్నళ్ల దగ్గర హీటు ముల్లు పైకి పోతోంది, రాత్రి హెడ్‌లైట్లు మసకబారుతున్నాయి, పొద్దున సెల్ఫ్ అందుకోవట్లేదు. మెకానిక్ రేడియేటర్, డైనమో (బ్యాటరీని ఛార్జి చేసేది) రెండూ మార్చమంటున్నాడు. ఇంకా కొనకండి. రెండు రోగాలూ కలిసి వచ్చాయంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవి ముందు చూడాలి. అవి ఫ్యాన్ బెల్టు, ఎర్తు (బ్యాటరీ నెగటివ్‌ను ఇంజిన్‌కూ బాడీకీ కలిపే కనెక్షన్).

ఇలాంటి పాత ఇంజిన్లలో వాటర్ పంపు, ఫ్యాను, డైనమో మూడింటినీ తిప్పేది సాధారణంగా ఒకే బెల్టు. అది జారితే నీళ్లు తిరగవు, గాలి రాదు, ఛార్జింగూ పడదు. ఇంజిన్ ఆపి రెండు పుల్లీల మధ్య బెల్టును బొటనవేలితో గట్టిగా నొక్కండి. 10-12 మి.మీ. దిగితే సరే. ఇంకా దిగితే బిగించండి. బెల్టు పక్కలు అద్దంలా మెరుస్తున్నా, పుల్లీ గాడి అడుగును తాకుతున్నా బిగించి లాభం లేదు, మార్చాల్సిందే. వీ బెల్టు పట్టు పక్కల మీదే ఉంటుంది, అడుగున కాదు. చాలా డీజిల్ బండ్లలో బ్రేకు వాక్యూమ్ పంపు కూడా డైనమో వెనకే ఉంటుంది, కాబట్టి బెల్టు జారితే బ్రేకు పెడలూ గట్టిపడుతుంది. ఆ పంపు సీలు పోతే ఆయిల్ డైనమోలోకి దిగి బ్రష్‌లు నానిపోతాయి. డైనమో వెనక ఆయిల్ తడి కనిపిస్తే ఛార్జింగ్ పోవడానికి కారణం అదే కావచ్చు.

ఇక ఎర్తు. మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక కొనను బ్యాటరీ నెగటివ్ పోల్‌కే పెట్టండి, క్లాంపుకు కాదు. రెండో కొనను ఇంజిన్ బ్లాకు మీద పెయింటు లేనిచోట ఆనించండి. ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. మీటరు 0.2 వోల్టు లోపు చూపిస్తే ఎర్తు బాగున్నట్టు. 0.5 దాటితే మీ సెల్ఫ్ అందుకోకపోవడానికి కారణం బ్యాటరీ కాకపోవచ్చు. ఇలాగే ఛాసిస్‌కూ, క్యాబిన్‌కూ చూడండి. చెన్నై ఉప్పుగాలికి లగ్గు (కేబుల్ చివర బోల్టుకు బిగించే లోహపు రింగు) లోపల పచ్చతుప్పు పడుతుంది, పైకి శుభ్రంగానే కనిపిస్తుంది. లగ్గు విప్పి, ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, స్టార్ వాషర్ వేసి బిగించి, పైన గ్రీజు పూయండి. కేబుల్ మార్చాల్సి వస్తే 35 స్క్వేర్ ఎంఎంకు తగ్గకండి.

హెడ్‌లైట్లు వేయగానే హీటు ముల్లు కదిలితే అది హీటు కాదు, మీటర్ బోర్డు ఎర్తు దెబ్బతిన్నట్టు. చల్లటి ఇంజిన్‌కు తాళం తిప్పగానే ముల్లు నేరుగా ఎరుపులోకి పోతే హీటు సెన్సార్ వైరు ఒరుసుకుని బాడీకి తగులుతున్నట్టు. సెన్సార్ మరకు టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టే అలవాటు ఒకటి ఉంది. దాంతో ఎర్తు సరిగా అందక ముల్లు తక్కువ చూపిస్తుంది, ఇది మరీ ప్రమాదం.

డైనమో సంగతి. రాత్రంతా ఆగిన బండికి బ్యాటరీలో 12.6 వోల్టులు ఉండాలి. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 రావాలి. 13 లోపే ఉంటే ఛార్జింగ్ లేదు, 14.8 దాటితే వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయింది. తాళం తిప్పినప్పుడు బ్యాటరీ గుర్తు బల్బు వెలుగుతోందా చూడండి. చాలా బండ్లలో డైనమోకు మొదటి కరెంటు ఆ బల్బు గుండానే పోతుంది. అది కాలిపోయినా, దాని చోట ఎల్‌ఈడీ పెట్టినా డైనమో లేవకపోవచ్చు. కొన్ని రూపాయల బల్బుకు కొత్త డైనమో కొన్నవాళ్లు ఉన్నారు.

హెడ్‌లైట్ల మసకకు ఇంకో కారణం స్విచ్చి. హై బీమ్‌లో రెండు 60 వాట్ల బల్బులకు దాదాపు 10 ఆంపియర్లు పాత స్విచ్చి గుండా పోతాయి. బల్బు దగ్గర వోల్టేజి పదోవంతు తగ్గితే వెలుగు దాదాపు మూడోవంతు పోతుంది. లో, హై బీమ్‌లకు చెరో 30 ఆంపియర్ల రిలే (స్విచ్చి నుంచి కొద్ది కరెంటుతోనే బల్బుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు కలిపేది) పెట్టండి: 30వ పిన్నుకు 15 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా బ్యాటరీ పాజిటివ్, 87కు బల్బు, 86కు పాత హెడ్‌లైట్ వైరు, 85కు ఎర్తు. బల్బు వైరు 2.5 స్క్వేర్ ఎంఎం.

బెల్టు, ఎర్తు సరిచేశాక కూడా హీటెక్కితే ఎక్కడ ఎక్కుతోందో గమనించండి. సిగ్నల్లో ఎక్కి, రోడ్డెక్కాక దిగితే గాలి సమస్య: ఫ్యాన్ చుట్టూ కౌల్ (గాలి రేడియేటర్ గుండానే పోయేలా చేసే తొడుగు) ఊడిపోయి ఉంటుంది, లేదా విస్కస్ ఫ్యాన్ (వేడెక్కితే పట్టు బిగించే క్లచ్ ఉన్న ఫ్యాను) పోయి ఉంటుంది. వేడి ఇంజిన్ ఆపి, తాళం తీసి, ఫ్యాను చేత్తో తోయండి. ఒకటి రెండు చుట్లు సులువుగా తిరిగిపోతే విస్కస్ పని అయిపోయింది. అలా కాకుండా లోడుతో లాగేటప్పుడు ఎక్కితే నీళ్ల ప్రవాహం సమస్య: సున్నం పట్టిన రేడియేటర్, లేదా స్పీడు పెరిగినప్పుడు లోపలికి నొక్కుకుపోయే కింది హోస్. మీరు చెప్పిన లక్షణం మొదటిదే, కాబట్టి రేడియేటర్ మీద అనుమానం చివరగా పెట్టుకోండి.

రేడియేటర్ మూతను తేలిగ్గా తీసుకోవద్దు. 0.9 కేజీల (చదరపు సెంటీమీటరుకు) ఒత్తిడి రేటింగు ఉన్న మూత ఆ ఒత్తిడి నిలిపితే మామూలు నీళ్లు కూడా సుమారు 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు ఎండిన మూతతో వంద దగ్గరే పొంగుతాయి. వేడిగా ఉన్నప్పుడు తీస్తే ఆ ఒత్తిడంతా మొహం మీదికే వస్తుంది.

థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాక రేడియేటర్ దారి తెరిచే వాల్వు) పీకేస్తే చల్లగా నడుస్తుందనేది అపోహ. బైపాస్ దారి ఉన్న ఇంజిన్లలో అది లేకపోతే వేడినీళ్లలో కొంత రేడియేటర్‌కు పోకుండానే తిరిగి ఇంజిన్‌లోకి వస్తుంది. గిన్నెలో నీళ్లు కాచి దాన్ని దారంతో వేలాడదీయండి. దాని మీద రాసిన డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి, చాలావాటికి 82 ఉంటుంది. తెరుచుకోకపోతే కొత్తది వేయండి.

బోరునీళ్లు మాత్రం పోయకండి. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ డబ్బా మీద రాసిన పాళ్లలో కలపండి. ముందే కలిపి అమ్మే రకమైతే నీళ్లు చేర్చకూడదు. చల్లటి ఇంజిన్‌లో మల్టీమీటర్ నెగటివ్‌ను బ్యాటరీ నెగటివ్‌కు, పాజిటివ్ కొనను లోహం తగలకుండా కూలెంట్‌లో ముంచి, లైట్లు, హారన్ వేసి చూడండి. 0.3 వోల్టు దాటితే ఏదో ఎర్తు కరెంటు కూలెంట్ గుండా పారుతోంది. అది సరిచేయకుండా కొత్త రేడియేటర్ వేస్తే అదీ చిల్లులు పడుతుంది. మూత తీసి చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే బుడగలు ఆగకుండా వస్తే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ హెడ్‌కూ మధ్య సీలు) పోయిందేమో అనుమానించాలి. అప్పుడు ఇక్కడ చెప్పినవేవీ సరిపోవు.

కౌల్, బ్రాకెట్ల వంటివి చెన్నై పుదుపేట పాత సామాన్ల మార్కెట్లో పాతవి తెచ్చుకున్నా ఫరవాలేదు. బెల్టు, మూత, థర్మోస్టాట్, హోస్‌లు మాత్రం చెన్నైలోని జీపీ రోడ్డు స్పేర్ పార్టుల షాపుల్లో కొత్తవే, బండి మోడల్, ఇంజిన్ నంబరు చూపించి కొనండి. కొత్త బెల్టు మొదట్లో సాగుతుంది, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బొటనవేలితో నొక్కి చూసి బిగించండి.