మళ్ళీ ఆ హాంటెడ్ హౌస్‌కి తీసుకెళ్ళాలా?

ప్రశ్న: మేం అమెరికాలో షార్లెట్‌లో ఉంటాం. మాకు ఒక్కడే బాబు, 12 ఏళ్ళు. గత అక్టోబరులో మా బావగారి కుటుంబంతో కలిసి ఫ్లోరిడా వెళ్ళాం. అక్కడ ఒక థీమ్ పార్కులో రాత్రిపూట జరిగే హాలోవీన్ ఈవెంటుకు వెళ్ళాం. మొదటి హాంటెడ్ హౌస్‌లో సగం దూరం వెళ్ళేసరికి బాబు నా జాకెట్‌లో మొహం దాచుకుని "బయటికి పోదాం అమ్మా" అని ఏడ్చాడు. మావారు వెనక నుంచి వాడి భుజాలు పట్టుకుని "ఏం కాదు, నడువు" అంటూ చివరిదాకా నడిపించారు. బయటికొచ్చాక వాడు వెక్కివెక్కి ఏడుస్తుంటే వీడియో తీసి, "మా వీరుడు" అని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. బావగారి పిల్లలు పెద్దవాళ్ళు, భయపడలేదు. ఇప్పటికీ ఆ వీడియో చూపించి వీణ్ణి ఏడిపిస్తుంటారు.

ఆ తర్వాత కొన్ని నెలలు వాడు లైటు వేసుకునే పడుకున్నాడు. మేడ మీద బాత్రూముకి ఒక్కడూ వెళ్ళేవాడు కాదు. ఇప్పుడు చాలావరకు తగ్గింది. కానీ బావగారు ఈ ఏడాదికీ మాతో కలిపి టికెట్లు కొనేశారు. మావారు "మళ్ళీ తీసుకెళ్తేనే భయం పోతుంది, నువ్వు గారం చేసి పిరికివాణ్ణి చేస్తున్నావు" అంటున్నారు. తెనాలి నుంచి అత్తయ్య "వాడికి గాలి సోకింది" అని తాయెత్తు పంపించారు. దాని మీద ఇంకో గొడవ. మావారికి చిన్నప్పుడు చీకటంటే భయమట. భయం పోవాలని బావగారు ఆయన్ని సామాన్ల గదిలో పెట్టి గడియ వేసేవారట. అత్తయ్యే చెప్పారు. మొన్న టికెట్ల సంగతి విన్నాక బాబు రాత్రి నా దగ్గరికొచ్చి "అమ్మా, ఆ రోజు నాకు జ్వరం వస్తే?" అని అడిగాడు. నేనేం చెయ్యాలి? నిజంగానే గారం చేస్తున్నానా?

— ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీరు అడిగినదానికి సూటిగా చెప్తాను. ఈ ఏడాది బాబును ఆ హౌస్‌లకు తీసుకెళ్ళకండి. మీరు గారం చెయ్యడం లేదు. "జ్వరం వస్తే?" అని అడిగిన పిల్లవాడు ఎంత ఇరుకులో ఉన్నాడో చూడండి. "నేను రాను" అంటే చెల్లుతుందన్న నమ్మకం వాడికి లేదు. జబ్బు చేస్తే తప్ప తన మాట ఎవరూ వినరని అనుకుంటున్నాడు. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఈ ఒక్క మాటే. దయ్యాల వేషాల భయం నెలల్లో తగ్గింది, మీరే రాశారు. తగ్గనిది ఇది.

మీరు వెళ్ళిన పార్కు ఏదో రాయలేదు, అవసరం కూడా లేదు. ఈ ఈవెంట్లన్నీ దాదాపు ఒకే పద్ధతిలో నడుస్తాయి. కాలిఫోర్నియాలో నాట్స్ బెర్రీ ఫామ్ అనే థీమ్ పార్కు 1973 నుంచి ఇలాంటిది జరుపుతోంది. ఫ్లోరిడాలో యూనివర్సల్ వాళ్ళది 1991లో మొదలైంది. ఇప్పుడు దాన్ని హాలోవీన్ హారర్ నైట్స్ అంటున్నారు. పెద్దవాళ్ళను కూడా కేక పెట్టించడానికే అక్కడ అన్నీ తయారుచేస్తారు. దారి ఇరుకుగా, మలుపులతో ఉంటుంది. పొగ, మిణుకుమిణుకుమనే లైట్లు, చెవులు పగిలే శబ్దం. మీ చూపు ఒక బొమ్మ వైపు లాగి, సరిగ్గా అప్పుడే పక్క గోడలోంచి వేషగాడు దూకుతాడు. వాళ్ళు మనల్ని ముట్టుకోరు. వేషమని మనకు తెలుసు. అయినా పెద్ద శబ్దం వచ్చినప్పుడు ఒళ్ళు జలదరించడం, గుండె దడదడలాడడం మన ఆలోచన కంటే ముందే జరిగిపోతాయి. బాబుకూ అవన్నీ వేషాలని తెలుసు. "అది నిజం కాదురా" అని ఎన్నిసార్లు చెప్పినా ఆ దడ తగ్గకపోవడానికి కారణం ఇదే. వాడికి తెలివి తక్కువా కాదు, ధైర్యం తక్కువా కాదు.

ఇంకో సంగతి మీవారికి తప్పకుండా చెప్పండి. యూనివర్సల్ వాళ్ళే తమ ఈవెంటు 13 ఏళ్ళలోపు పిల్లలకు తగదని రాసి పెడతారు. లోపలికి రావద్దని ఆపరు, నిర్ణయం తల్లిదండ్రులకే వదిలేస్తారు. జనాన్ని భయపెట్టి టికెట్లు అమ్ముకునేవాళ్ళే ఈ వయసుకు వద్దంటున్నారు. పోయిన ఏడాది మీవాడికి 11. బావగారి పెద్ద పిల్లలతో పోల్చి వాణ్ణి పిరికివాడు అనడం అన్యాయం.

భయం సరదాగా ఉండదా అంటే ఉంటుంది. దసరాకి పులివేషం వస్తే అరుగు మీద నుంచి చూస్తూ కేకలు పెట్టి, ఇంట్లోకి పరుగెత్తి, మళ్ళీ తలుపు సందులోంచి తొంగిచూసే పిల్లలు మన ఊళ్ళలో ఎంతమందో. మీవారూ తెనాలిలో చూసే ఉంటారు. ఆ పిల్లలకు భయం వేస్తుంది, కానీ వెనక ఇల్లుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు లోపలికి దూరవచ్చు. అందుకే మళ్ళీ బయటికొస్తారు. డెన్మార్క్‌లో ఆర్హుస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక హాంటెడ్ హౌస్‌కి వచ్చిన 110 మందికి గుండె వేగాన్ని కొలిచే పరికరాలు పెట్టి చూశారు. 2020లో ఫలితం ప్రచురించారు. భయం మరీ తక్కువైతే చప్పగా ఉంది. మరీ ఎక్కువైనప్పుడూ సరదా పోయింది. మధ్యలో ఉన్నవాళ్ళే బాగా ఆనందించారు. ఆ మధ్యస్థాయి ఒక్కొక్కరికి ఒక్కోచోట ఉంటుంది. బావగారి పెద్దబ్బాయికి సరిపోయింది మీవాడికి ఎక్కువైంది, అంతే.

అయితే ఆ రాత్రి అసలు పొరపాటు లోపలికి తీసుకెళ్ళడం అని నేననుకోను. తెలియక తీసుకెళ్తారు, చాలామంది తీసుకెళ్తారు. "బయటికి పోదాం" అన్నాక ముందుకు నడిపించడం దగ్గర జరిగింది పొరపాటు. ఆ ఇళ్ళల్లో అక్కడక్కడా పార్కు సిబ్బంది ఉంటారు, మధ్యలో బయటికి పోయే ద్వారాలు ఉంటాయి. చెయ్యెత్తి ఒక్క మాట చెప్తే పక్కనుంచి బయటికి పంపుతారు. రెండు నిమిషాల పని. మీరు కూడా అప్పుడు నోరు మెదపలేకపోయారు. భర్త, బావగారు, వెనక తోసుకొస్తున్న జనం. మిమ్మల్ని తప్పుపట్టను. కానీ ఇప్పుడు ఆ మాట బాబుతో చెప్పండి: "ఆ రోజు నువ్వు బయటికి పోదామన్నావు, మేము వినలేదు. వినాల్సింది. ఇకమీదట నువ్వు ఆగుదామంటే ఆగుతాం." వాడు తల ఊపి వెళ్ళిపోవచ్చు, ఏమీ అనకపోవచ్చు. అయినా చెప్పండి. మీవారు కూడా అదే మాట చెప్పగలిగితే ఇంకా మంచిది.

ఇక మీవారి వాదన. భయపడినదాని దగ్గరికి మళ్ళీ వెళ్తేనే భయం పోతుందనడంలో సగం నిజముంది. భయాలకు చేసే చికిత్స కూడా ఆ దారిలోదే. కానీ ఎలా వెళ్ళామన్నది ముఖ్యం. మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1924లో పీటర్ అనే మూడేళ్ళ పిల్లవాడి గురించి రాశారు. వాడికి కుందేలంటే భయం. వాడు కుర్చీలో కూర్చుని ఇష్టమైనది తింటుంటే, బోనులో ఉన్న కుందేలును గదిలో దూరంగా పెట్టేవారు. వాడు కుదురుగా ఉంటే ఇంకొంచెం దగ్గరికి. బెదిరితే మళ్ళీ దూరంగా. అలా జరుపుకుంటూ వచ్చి, చివరికి వాడే కుందేలును నిమిరే దాకా తెచ్చారు. కుందేలును తెచ్చి ఒళ్ళో పడేసి "ఏం కాదు, పట్టుకో" అనలేదు. మీవాడికి ఈ ఏడాది మళ్ళీ అదే ఇల్లు, అదే జనం, అదే వెక్కిరింపు ఎదురైతే భయం పోదు. దాన్ని దాచుకోవడం మాత్రం వస్తుంది.

మీ ఉత్తరంలో సామాన్ల గది గురించి రాశారు. దాని గురించి మీవారిని అడగండి, గొడవ మధ్యలో మాత్రం కాదు. ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు, బాబు ఇంట్లో లేనప్పుడు. "అన్నయ్య గడియ వేసినప్పుడు లోపల ఎలా ఉండేది? ఎవరు తలుపు తీసేవారు?" అని. "అందుకే నువ్విలా ఉన్నావు" అని తేల్చెయ్యకండి, ఊరికే వినండి. ఆయన నవ్వేసి "అందువల్లే నాకు భయం పోయింది" అనవచ్చు. అన్నా ఫరవాలేదు, వాదించకండి. నాకు అనిపిస్తున్నది చెప్తాను, మీరు ఆయన్ని దగ్గరగా చూస్తున్నారు కనుక సరో కాదో మీకే తెలుస్తుంది. ఆ రాత్రి మీవారు కొడుకుని చూసి నవ్వింది అన్నగారి కోసం. ఒకప్పుడు తనను ఏడిపించిన మనిషి ముందు తన కొడుకు ఏడ్చాడు. తానే ముందు నవ్వేస్తే వాళ్ళ నవ్వు తగ్గుతుందనుకున్నారేమో. కొడుకంటే ప్రేమ లేక కాదు. కానీ వాడికి ఆ రాత్రి నాన్న ఎవరి పక్షాన నిలబడ్డాడో మాత్రం గుర్తుండిపోయింది.

ఆ వీడియోను ఈ వారంలోనే తీయించండి. పాత మెసేజ్ కాబట్టి గ్రూపులో ఇప్పుడు అందరి ఫోన్ల నుంచీ తీసెయ్యడం మీవారి చేతిలో ఉండదు, ఎవరి ఫోన్‌లో వాళ్ళు తీసెయ్యాలి. అందుకని గ్రూపులో మీవారే ఒక మాట పెట్టాలి: "పోయినేడు నేను పెట్టిన వీడియో అందరూ డిలీట్ చెయ్యండి. నేను అలా పెట్టకుండా ఉండాల్సింది. వాణ్ణి దాని గురించి ఇక ఏడిపించవద్దు." బాబు ఆ మెసేజ్ చూసినా, ఎవరి ద్వారానో విన్నా, అది వాడికి చేసే మేలు ఏ కౌన్సెలింగూ చెయ్యదు. మీరు పెడితే అమ్మ వెనకేసుకొచ్చిందంటారు. అందుకే ఆయనే పెట్టాలంటున్నాను. ఆయన ససేమిరా అంటే అప్పుడు మీరే పెట్టండి. ఆలస్యం చెయ్యకండి.

తాయెత్తు మీద గొడవ పడకండి. అత్తయ్య అంత దూరంలో ఉండి మనవడి కోసం తనకు తెలిసింది చేశారు. కట్టుకోవడం బాబుకి హాయిగా ఉంటే ఉంచండి, వద్దంటే దేవుడి దగ్గర పెట్టండి. కానీ "గాలి సోకింది" అన్న మాట వాడి చెవిన పడకుండా చూడండి. హౌస్‌లో ఉన్నది వేషమని వాడికి తెలుసు. తన ఒంట్లోకే ఏదో వచ్చిందంటే దాన్ని వేషమని ఎలా అనుకుంటాడు? "నానమ్మ ఆశీర్వాదం పంపించింది" అంటే సరిపోతుంది. అత్తయ్యకూ ఫోనులో మెత్తగా ఆ ఒక్క మాట చెప్పండి.

టికెట్ల డబ్బు గురించి బెంగ వద్దు. ఫ్లోరిడా ప్రయాణం మానుకోనక్కరలేదు. బావగారి కుటుంబం, మీవారు ఆ రాత్రి వెళ్ళవచ్చు. మీరూ బాబూ వేరేచోట గడపండి. పిల్లల కోసమే జరిగే హాలోవీన్ పండుగలు అక్కడే ఉన్నాయి. డిస్నీ వాళ్ళు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 1995 నుంచి జరుపుతున్న మిక్కీస్ నాట్ సో స్కేరీ హాలోవీన్ పార్టీలో భయపెట్టే ఇళ్ళు ఉండవు. పిల్లలు వేషాలు వేసుకుని చాక్లెట్లు పోగుచేసుకుంటారు, ఊరేగింపు చూస్తారు. దానికీ విడిగా టికెట్టు కొనాలి, తేదీలు ముందే చూసుకోండి. 12 ఏళ్ళవాడు "చిన్నపిల్లలది" అని మొహం ముడుచుకుంటే హోటల్ ఈతకొలనులో ఆడుకోనివ్వండి. వాణ్ణే అడిగి, వాడు చెప్పినదే చెయ్యండి. బావగారికి కారణాలన్నీ వివరించాల్సిన పని లేదు. "వాడికి ఇష్టం లేదు బావగారూ, మేమిద్దరం వేరే ప్లాన్ చేసుకున్నాం" అంటే చాలు. జ్వరమనీ తలనొప్పనీ సాకు చెప్పకండి. వద్దనడానికి సాకు కావాలన్న పాఠం వాడు ఇప్పటికే నేర్చుకున్నాడు.

ఇంకెప్పుడైనా, మరో రెండేళ్ళకో మూడేళ్ళకో, వాడే వెళ్దామంటే తప్పకుండా తీసుకెళ్ళండి. పగటిపూట ఏదైనా చిన్న స్థానిక మేళాలో తేలికపాటిది చూసి మొదలుపెట్టండి. వెళ్ళేముందు ఒక గుర్తు పెట్టుకోండి, చెయ్యి రెండుసార్లు నొక్కితే బయటికి, కారణం అడగకుండా.

చివరగా, లైటు వేసుకుని పడుకోవడం, ఒంటరిగా బాత్రూముకి వెళ్ళకపోవడం మళ్ళీ మొదలై కొన్ని వారాలు సాగితే, స్కూలుకు పోనని మొండికేస్తే, పీడకలలతో ఉలిక్కిపడి లేస్తుంటే, మీ పిల్లల డాక్టరుతో మాట్లాడి పిల్లల భయాలకు థెరపీ చేసేవారి దగ్గరికి పంపమనండి. స్కూల్లో కౌన్సెలర్ ఉంటారు, అక్కడ మొదలుపెట్టినా మంచిదే. ఆ మొదటి అపాయింట్‌మెంట్‌కి మీరొక్కరే వెళ్ళకండి, మీవారినీ తీసుకెళ్ళండి. ఆయన అడగాలనుకున్నవి ఆయన నోటితోనే అడగనివ్వండి.