కాలువ వంతెనకు ట్రీట్ చేసిన చెక్క: ముందు కోత, తర్వాతే మందు

పంట కాలువ మీద మనుషులు, సైకిళ్లు వెళ్లే 4 మీటర్ల వంతెనకు, పుచ్చకుండా, చెద పట్టకుండా మందు పట్టించిన (ట్రీట్ చేసిన) చెక్క పనికొస్తుందా అని అడిగారు. పనికొస్తుంది. కాకపోతే మందు ఎంత లోతు దిగుతుందో తెలుసుకోకుండా మొదలుపెడితే డబ్బు నీళ్లపాలే.

ప్రెషర్ ట్రీట్‌మెంట్‌లో, అంటే ఒత్తిడితో మందును చెక్కలోకి ఎక్కించేటప్పుడు, పైచెక్క (బెరడు కింది లేత భాగం) మందును బాగా పీలుస్తుంది. చేవలోకి మాత్రం చాలా జాతుల్లో కొన్ని మిల్లీమీటర్లకు మించి దిగదు. అంటే చుట్టూ మందు పొర, లోపల మామూలు చెక్క. ట్రీట్ చేయించాక అక్కడే రంపం పెట్టినా, బెజ్జం వేసినా ఆ పొర తెగి నీళ్లు నేరుగా లోపలికి పోతాయి. పైకి దూలం గట్టిగా కనిపిస్తూనే లోపల పుచ్చిపోతుంది. ఇలాంటి వంతెనలు ఎక్కువగా పాడయ్యేది బోల్టుల దగ్గర, కోసిన చివర్ల దగ్గర.

అందుకని కోత, గాట్లు, బెజ్జాలు అన్నీ పూర్తి చేశాకే ట్రీట్‌మెంట్‌కు పంపండి. 16 మి.మీ. బోల్టుకు 17 మి.మీ. బెజ్జం చాలు. కర్రలో తేమ సుమారు 25 శాతం లోపుకు దిగాలి, పచ్చి కర్రలో మందుకు చోటుండదు. సైటులో కోయక తప్పని చోట కాపర్ నాఫ్తనేట్ (చెక్క పుచ్చకుండా పూసే రాగి మందు) రెండు పూతలు వేయండి. అది ప్రెషర్‌తో సమానం కాదు, అయినా వదిలేయకూడదు.

మందు ఎంత పట్టిందో ఘనపు మీటరుకు కిలోల్లో అడిగి రాయించుకోండి. రంగు చూసి నమ్మొద్దు. నేలకు తగిలే ముఖ్యమైన దూలాలకు అమెరికా ప్రమాణాల్లో సీసీఏ (క్రోమియం, రాగి, ఆర్సెనిక్ కలిపిన మందు) 9.6 కిలోలు. ఇందులోని ఆర్సెనిక్ విషం. 2003 చివరితో అక్కడ ఇళ్ల వాడకానికి దాన్ని ఆపేశారు, వంతెనలకు మాత్రం ఉంచారు. చేతులు తగిలే కమ్మీకి సీసీఏ గానీ, ఎండకు కారే క్రియోసోట్ (తారు నుంచి తీసే నూనె మందు) గానీ వద్దు. చేవ తేలిన టేకు చాలు. తరిగిన ముక్కలను పొయ్యిలో అసలు పెట్టకండి, బూడిదలో ఆర్సెనిక్ మిగులుతుంది.

1.2 మీటర్ల వెడల్పుకు 100×200 మి.మీ. మద్ది దూలాలు మూడు, పైన 50 మి.మీ. పలకలు సరిపోతాయి. ట్రాక్టరు కూడా పోవాలంటే ఇంజనీరు లెక్క కట్టాల్సిందే. బోల్టులు హాట్ డిప్ గాల్వనైజ్డ్‌వే (కరిగిన జింకులో ముంచి పూత పట్టించినవి) తీసుకోండి. మందులోని రాగి మామూలు ఇనుమును తినేస్తుంది. ప్రతి నట్టు కింద వెడల్పాటి ప్లేటు వాషరు ఉండాలి.

దూలం పైముఖం మీద దానికంటే కాస్త వెడల్పుగా తారు ఫెల్టు పరిచి, ఆపైన పలకలు బిగించండి. పలకల మధ్య 8–10 మి.మీ. సందు వదలండి. దూలాల చివర్లు కాంక్రీటు దిమ్మె మీద ఆనాలి, వెనక గోడకు 50 మి.మీ. ఖాళీ ఉండాలి. గట్టు మట్టి జారి ఆ ఖాళీ పూడితే చెక్క ఎప్పుడూ తడిగానే ఉంటుంది. చెదకూ దారి దొరుకుతుంది. ఏటా వానలు తగ్గాక ఆ మట్టి తీసేసి, దూలాల చివర్లను సుత్తితో తట్టి చూడండి. డొల్ల చప్పుడు వస్తే సన్నటి బరమాతో పొడిచి పరీక్షించి, ఆ బెజ్జాన్ని మందు పట్టించిన చెక్క బిరడాతో మూయండి. మొదటి వేసవి దాటాక చెక్క ఆరి కుంచించుకుపోయి నట్లు వదులవుతాయి, అప్పుడు మళ్లీ బిగించాలి.