విస్లర్ గీసిన జో: అలసటా, ఆలోచనా?

అమెరికాలో పుట్టి లండన్‌లో పనిచేసిన చిత్రకారుడు విస్లర్ 1863లో చేసిన ‘వియరీ’ (అలసిన) అనే డ్రైపాయింట్ ముద్రణలో, అంటే రాగి రేకు మీద సూదితో గీసి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మలో, కుర్చీలో వెనక్కి వాలి ఉన్న స్త్రీ, పేరు చెబుతున్నట్టు అలసిపోయిందా, లేక ఆలోచనలో మునిగి ఉందా అని, ఆ బొమ్మను ఫోనులో చూసిన మీరు అడిగారు. ఆమె ఆలోచిస్తోందనే నేను గట్టిగా నమ్ముతున్నాను. అయితే మీరు చూసినది ఏ ప్రతి అన్నదాన్ని బట్టి మీకు వేరుగా తోచి ఉండవచ్చు.

నేను ప్రింట్‌మేకింగ్ చదువుకున్నవాణ్ణి. కొన్నేళ్ళ క్రితం మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు, వాషింగ్టన్‌లోని ఒక చిత్రశాలలో ముందుగా అనుమతి తీసుకుని, ఈ చిత్రం ప్రతులు రెండింటిని అద్దం అడ్డు లేకుండా పక్కపక్కన పెట్టించుకుని చూశాను. బొమ్మ ఎత్తు దాదాపు 20 సెంటీమీటర్లు, వెడల్పు 13. అంత చిన్నదాని ముందు గంటన్నర కూర్చున్నాను. మొదటి ప్రతిలో కుర్చీకి ఆనిన తల చుట్టూ పరుచుకున్న జుట్టు గీతలుగా కనిపించలేదు. వేలితో అద్దిన కాటుకలా మెత్తని నలుపుగా కమ్ముకుని ఉంది, దాని నడుమ ముఖం కాగితపు తెలుపుతోనే వెలుగుతోంది, చూపు ఎక్కడో నిలిచి ఉంది. రెండవది అదే రేకు నుంచి తరువాత తీసిన ప్రతి. అందులో జుట్టు వెంట్రుకలు లెక్కపెట్టేంతగా విడిపోయింది, కళ్ళ దగ్గరి నీడ పలచబడింది, ఆమె కేవలం నిద్రమత్తులో ఉన్న మనిషిగా మారిపోయింది.

ఎచింగ్ అనే మరో ముద్రణ పద్ధతిలో రేకు మీది గీతను ఆమ్లం తొలుస్తుంది. డ్రైపాయింట్‌లో సూదితో నేరుగా రాగిని గీస్తాము కాబట్టి, నాగలి చాలు పక్కన మట్టి లేచినట్టు గీత పక్కన రాగి అంచు లేస్తుంది. దానినే మేము బర్ అంటాము. సిరాను ఎక్కువగా పట్టుకుని ఆ మెత్తదనాన్ని ఇచ్చేది అదే, రేకును తుడిచిన ప్రతిసారీ, ప్రెస్సులో లాగిన ప్రతిసారీ అణిగిపోయేదీ అదే. విద్యార్థిగా ఉన్నప్పుడు మా నాయనమ్మ ముఖాన్ని ఇలాగే గీసి, మిత్రులందరికీ ఇవ్వాలన్న ఆశతో ప్రతి వెంట ప్రతి తీస్తూ పోతే, పన్నెండో కాగితం దగ్గరకు వచ్చేసరికి ఆమె కళ్ళ కింది గుంతలు మాయమయ్యాయి. ఆ మొదటి మూడు ప్రతులూ ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి, వాటిని ఎవరికీ ఇవ్వలేదు.

అందుకే ప్రింటు అంటే జిరాక్స్ కాపీ అన్నట్టు మాట్లాడేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, పారిస్‌లో పనిచేసి, ఒకే రేకు నుంచి అనేక రంగులను ఒకేసారి ముద్రించే పద్ధతికి రూపమిచ్చినవారిలో ఒకరైన కృష్ణారెడ్డి గారు మన మనిషి; అయినా ప్రతికీ ప్రతికీ మధ్య తేడా ఉంటుందన్న సంగతిని మన బడుల్లో డ్రాయింగు క్లాసులో కూడా చెప్పరు.

ఇక ఆ స్త్రీ సంగతి. ‘వియరీ’లో కుర్చీలో వాలి ఉన్న ఆమె పేరు జోఆనా హిఫర్నన్, ముద్దుగా జో, ఐర్లాండ్ నుంచి లండన్ వచ్చిన కుటుంబం ఆమెది. ఆమె గురించి రాసే చాలామంది ‘మోడల్, ప్రేయసి’ అని రెండు మాటలతో ముగిస్తారు, అది అన్యాయం. ఈ బొమ్మ గీసిన మూడేళ్ళకు, 1866లో, చిలీ ప్రయాణమైనప్పుడు విస్లర్ తన వ్యవహారాలను చూసుకునే అధికారాన్ని ఆమెకే రాసి ఇచ్చాడు. తరువాతి కాలంలో అతనికి మరొక స్త్రీ వల్ల కలిగిన కొడుకును పెంచినవారిలో ఆమె ఒకరు. ఇంటి లెక్కలు, అప్పులు, అతని కోపతాపాలు అన్నీ ఎరిగిన మనిషి కుర్చీలో వాలి ఎటో చూస్తున్నప్పుడు ఆమె తలలో ఏమీ లేదని నేను ఒప్పుకోలేను. పేరు పెట్టినది చిత్రకారుడే కావచ్చు, కానీ ఆ ముఖంలో ఉన్నది ఒళ్ళు అలసిన మనిషి చూపు కాదు.

మీరు ఫోనులో చూసిన బొమ్మను మళ్ళీ ఒకసారి తెరిచి జుట్టును మాత్రం పరిశీలించండి. గీతలు విడివిడిగా లెక్కకు అందుతుంటే అది అరిగిన రేకు ప్రతి అయి ఉంటుంది. దానిని పక్కన పెట్టి, జుట్టు నల్లని మసకగా కనిపించే తొలి ప్రతి దొరికాక ఆమె కళ్ళ దగ్గరకు రండి.