జనసంపద అంటే జనం డబ్బులవుతారనా?

సందేహం: ఒకప్పుడు గోడల మీద 'ఇద్దరు ముద్దు, ఆపై వద్దు' అని రాసేవారు. ఇప్పుడు పత్రికల్లో 'జనాభాయే సంపద' అంటున్నారు. సంపద అంటే డబ్బు, భూమి, బంగారం కదా! మనుషులను సంపద అనడం తెలుగేనా, ఇంగ్లీషును చూసి అలవాటు చేసుకున్నదా? 'రాష్ట్రంలో జనాభా రేటు 1.7 శాతానికి పడిపోయింది' అన్న వాక్యం కూడా నాకు అర్థం కాలేదు. (ఒక పాఠకురాలు, తిరుపతి)

సమాధానం: మొదటిది తెలుగే, అందులో అనుమానం అక్కర్లేదు. రెండో వాక్యం మీకు అర్థం కాకపోవడం మీ లోపం కాదు. అందులో ఒకటికి రెండు తప్పులున్నాయి.

సంపద అన్న మాటలో డబ్బు లేదు. 'సం' అంటే చక్కగా, కూడి. 'పద్' అంటే పడు, చేరు. అన్నీ చక్కగా సమకూరితే సంపద. అదే ధాతువుకు 'ఆ' చేరితే ఆపద, 'వి' చేరితే విపత్తు. సమకూరినవాడు సంపన్నుడు, చిక్కులో పడ్డవాడు ఆపన్నుడు. అందుకే గుణసంపద, శబ్దసంపద, పశుసంపద, మత్స్యసంపద అని హాయిగా అంటున్నాం. ఈ సమాసాలన్నిటికీ ఒకటే పోత: ముందున్నది సమృద్ధిగా ఉండటం. శబ్దసంపద ఉన్న కవి మాటలు అమ్ముకుంటాడని ఎవరూ అనుకోరు. జనసంపద కూడా ఆ కోవలోదే: జనం సమృద్ధిగా, సమర్థంగా ఉండటం.

'జనాభాయే సంపద' మాత్రం వేరు. జనాభా అన్నది తలల లెక్క. లెక్క సంపద కాదు, సమకూరినప్పుడే సంపద. చదువు, ఒంట్లో సత్తువ, చేతిలో పని గురించి చెబుతున్నప్పుడు జనసంపద అనండి. ఎంతమంది అన్నది చెబుతున్నప్పుడు జనాభా అనండి. ఒకదాని చోట మరొకటి పెట్టి రాస్తే వాక్యం నినాదంగా మిగులుతుంది.

కలిమి, ఆస్తి అన్న మాటలు 'ఉండటం' నుంచి వచ్చాయి. కలుగు నుంచి కలిమి, లేకపోవడం నుంచి లేమి. సంస్కృతంలో 'అస్తి' అంటే ఉన్నది, దాని నుంచి మన ఆస్తి. భాగ్యం మాత్రం పంపకంలో పుట్టింది: భాగంగా దక్కినది భాగ్యం. దాయం అంటే పంచుకునే ఆస్తి, దాన్ని అందుకునేవాడు దాయాది. 'దాయ' అన్న తెలుగు మాటకు శత్రువు అన్న అర్థం కూడా ఉంది. ఆ అర్థం ఎలా అంటిందో వాటాల కోసం కోర్టుకెక్కిన కుటుంబాలకు చెప్పనక్కర్లేదు.

పంపకంలో లెక్క ఎలా నడుస్తుందో ఇంటి స్థలంతో చూడండి. తిరుపతిలో అంకణం 36 చదరపు అడుగులు (నెల్లూరులో 72, దస్తావేజులో ఏ ఊరి అంకణమో చూసుకోవాలి). 60 అంకణాల స్థలం, అంటే 2,160 చదరపు అడుగులు, నలుగురికి పంచితే తలా 15 అంకణాలు. వాళ్లకు ముగ్గురేసి బిడ్డలుంటే మనవళ్ల తరానికి 5 అంకణాలు, 180 చదరపు అడుగులు. ఒక గది. ప్రతి ఇంటా ఇద్దరే అయితే మనవళ్లకు 15 అంకణాలు దక్కేవి. జనం పెరిగితే భాగ్యం చిక్కిపోతుందన్న భయానికి మూలం ఇదే. స్థలం పెరగదు కనుక ఈ లెక్క స్థలానికి సరిపోతుంది. చేతిపనికి, వ్యాపారానికి ఇలాగే వేస్తే తప్పవుతుంది, ఎందుకంటే అవి పనిచేసే మనుషులతో పెరుగుతాయి.

ఇక మీ అసలు ప్రశ్న: మనుషులను సంపదలో లెక్కవేయడం పాతదా, కొత్తదా? చాలా పాతది. అష్టైశ్వర్యాలకు వాడుకలో ఉన్న ఒక పట్టిక ఇది: ధనం, ధాన్యం, వాహనాలు, బంధువులు, మిత్రులు, భృత్యులు, పుత్రులు, దాసీజనం. ఎనిమిదింటిలో అయిదు మనుషులే. (అణిమ, మహిమ మొదలైన సిద్ధులను చెప్పే పట్టిక వేరు.) అష్టలక్ష్ముల్లో ధనలక్ష్మి పక్కనే సంతానలక్ష్మి ఉంది. సప్తసంతానాల దగ్గరికి వస్తే ఇది తలకిందులవుతుంది. కొడుకు, చెరువు, గుడి, అగ్రహారం, తోట, కావ్యం, నిధి: ఈ ఏడూ సంతానాలే. 'తన్' అంటే సాగు. మన తర్వాత కూడా సాగేది సంతానం. అక్కడ బిడ్డలు సంపద, ఇక్కడ సంపద బిడ్డలు. రాయలసీమ మెట్టనేలలో చెరువు తవ్వించినవాడికి కొడుకున్న పుణ్యమే దక్కుతుందన్నారంటే ఆ నీటి విలువ తెలిసి అన్నారు.

నగరి, పుత్తూరు, చిత్తూరు వైపువారికి ఇంకో మంచి ఉదాహరణ తెలిసే ఉంటుంది. తమిళ పెళ్లిళ్లలో 'పదినారుం పెట్రు పెరువాళ్వు వాళ్గ' అని దీవిస్తారు. పదహారూ పొంది గొప్పగా బతకండి అని. ఆ పదహారు సంపదలు: కీర్తి, విద్య, బలం, ధాన్యం, మంచి సంతానం వగైరా. కానీ తమిళంలో 'పెట్రు' అంటే 'పొంది' అనే కాదు, 'కని' అని కూడా. దాంతో పదహారుమందిని కనమన్నారని వేళాకోళం పుట్టింది. ఒక్క క్రియకు ఉన్న రెండర్థాలు సంపదను సంతానంగా మార్చేశాయి. మన 'అష్టపుత్రవతీ భవ'లో ఆ చిక్కు లేదు, ఎనిమిదిమందే అని ఘంటాపథంగా చెప్పేశారు. అదే తమిళంలో 'మాడు' అంటే పశువు, పాత వాడుకలో సంపద. తెలుగులో 'సొమ్ము' అంటే ధనం, నగ. కొన్ని చోట్ల సొమ్ములంటే పశువులు. పాడి ఉన్న ఇంట్లో పేడ ఎత్తేందుకు, మేపేందుకు, నీళ్లు పెట్టేందుకు చేతులు కావాలి. పిల్లాజెల్లా, గొడ్డూగోదా అన్న జంటలు పక్కపక్కన చేరింది అందుకే.

మరి బిడ్డలు ఎప్పుడు ఖర్చయ్యారు? ఆస్ట్రేలియా జనాభా శాస్త్రవేత్త జాన్ కాల్డ్‌వెల్ 1976లో దీనికో వివరణ ఇచ్చాడు. పాత వ్యవసాయ కుటుంబాల్లో సంపద పిల్లల నుంచి పెద్దలకు పారేది: పదేళ్లకే పని, ముసలితనంలో తిండి. బడి, పట్నం ఉద్యోగం వచ్చాక ఆ పారకం తిరగబడి పెద్దల నుంచి పిల్లలకు పారుతోంది. తిరగబడిన చోట కాన్పులు తగ్గుతాయి. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లలకు సమాన భాగం ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి, దేశమంతటా 2005 నుంచి వచ్చింది కనుక, వాటాల లెక్కలో ఇప్పుడు కొడుకులనే కాదు, బిడ్డలందరినీ వేయాలి. గోడమీది నినాదం మారిందంటే విధానమూ మారింది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు పంచాయతీ ఎన్నికల్లో నిలబడరాదన్న 1994 నాటి నిబంధనను రాష్ట్ర శాసనసభ 2024 నవంబరులో తీసేసింది.

ఇప్పుడు '1.7 శాతం' సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ అంకె 1.7. అది శాతం కాదు, జనాభా రేటు కాదు. ఒక స్త్రీ జీవితకాలంలో సగటున కనే బిడ్డల సంఖ్య. కొందరు దీన్ని 'సంతాన సాఫల్య రేటు' అంటున్నారు. ఆ మాట వదిలేయడం మంచిది. సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు వీధివీధినా ఉన్న ఈ రోజుల్లో, అక్కడ చికిత్స ఫలించిన శాతమని పొరబడతారు. 'సంతానోత్పత్తి రేటు' నయం. 'సగటు కాన్పులు' ఇంకా తేలిక. తరం తన స్థానాన్ని తాను భర్తీ చేసుకోవాలంటే ఈ అంకె 2.1 ఉండాలి. తల్లిదండ్రులిద్దరికీ ఇద్దరు. పైన ఆ 0.1 ఎందుకంటే, ప్రతి 100 మంది ఆడపిల్లలకు సుమారు 105 మంది మగపిల్లలు పుడతారు, పుట్టిన ఆడపిల్లల్లో కొందరు తల్లులయ్యే వయసుకు ముందే పోతారు.

2.1 కంటే తగ్గిన వెంటనే జనాభా తగ్గిపోదు. పత్రికలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఉమ్మడి చిత్తూరు జిల్లానే తీసుకోండి. 1991లో 32.61 లక్షలు, 2001లో 37.46 లక్షలు, 2011లో 41.74 లక్షలు. మొదటి పదేళ్లలో పెరుగుదల 14.9 శాతం, తర్వాతి పదేళ్లలో 11.4 శాతం. తగ్గింది పెరుగుదల రేటు, జనాభా కాదు. జనాభా 4.28 లక్షలు పెరిగింది. 'జనాభా తగ్గింది', 'జనాభా పెరుగుదల తగ్గింది', 'కాన్పులు తగ్గాయి' అన్నవి మూడు వేర్వేరు వాక్యాలు. ఏది చెప్పదలచారో అదే రాయాలి.

తలసరి ఆదాయం పెరిగితే సంపద పెరిగినట్టేనని రాయడం మరో పొరపాటు. కల్యాణి డ్యాములోకి ఏడాదిలో వచ్చి చేరే నీరు ఆదాయం, అందులో నిలిచి ఉన్న నీరు సంపద. పైగా తలసరి అంటే మొత్తాన్ని తలలతో భాగించడం. మొత్తం కదలకుండా తలలు తగ్గినా తలసరి పెరుగుతుంది, ఒక్కరింట్లోనే డబ్బు చేరినా పెరుగుతుంది.

చివరగా వ్యాకరణం. జనాభా ఏకవచనం, అమహత్తు (మనుషులకు కాక వస్తువులకు వాడే క్రియ చేరే మాట). 'ఆ ఊళ్లో మూడు వేల జనాభా ఉంది' సరి, 'జనాభా ఉన్నారు' కాదు. ఉన్నది జనం. 'జనాభా సంఖ్య' అనడమూ అనవసరం, సంఖ్య అందులోనే ఉంది. జనాభా, సంపద అన్న మాటలను కలిపి 'జనాభాసంపద' అని మాత్రం రాయకండి. మధ్యలో 'ఆభాస' కనబడి చదివేవాడు తడబడతాడు.